ఒంటి కదలికలతో డ్రోన్ నడపాలంటే

ఏ కదలికకు డ్రోన్ ఎటు తిరగాలో మీరే కూర్చుని రాసేయకండి. ముందు నలుగురికి ఎగురుతున్నట్టుండే వీడియో చూపించి, "మీరే నడుపుతున్నట్టు కదలండి" అనండి. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన పని ఇలాగే మొదలైంది. చివరికి జాయ్‌స్టిక్ కన్నా మొండెం వంచి నడపడమే మెరుగని తేలింది. రెక్కల్లా చేతులు చాచడం చూడ్డానికి బాగుంటుంది గానీ, కాసేపటికే భుజాలు లాగేస్తాయి.

ఇంకోటి, అందరూ ఒకేలా నిటారుగా నిలబడరు. అందుకే ఎగిరే ముందు ఆ మనిషి మామూలుగా నిలబడే తీరునే సున్నాగా పెట్టండి. అక్కణ్నుంచి ఒళ్లు ఎటైనా కొన్ని డిగ్రీలు వంగేదాకా డ్రోన్ కదలకూడదు. లేదంటే తుమ్మినా పక్కకి పోతుంది! అత్యవసరంగా ఆపే బటన్ మాత్రం చేతిలోనే ఉండాలి, దానికి సైగలు వద్దు.