ముసురు పట్టిన రోజుల్లో చిన్నపిల్లల చేతి పనులు

వానాకాలంలో పిల్లలతో చేయించే పనులకు అసలు అడ్డంకి తడి ఆరకపోవడం. పొద్దున రంగులు వేసిన బొమ్మ రాత్రికీ చేతికి అంటుతూనే ఉంటుంది. తెల్ల జిగురు గట్టిపడాలంటే అందులోని నీరు ఆవిరవ్వాలి. గాలి నిండా తేమ ఉంటే ఆ నీరు పోయే దారి ఉండదు. అందుకే ఈ కాలానికి ఆరబెట్టే అవసరం లేని పనులో, నీళ్లతోనే నడిచే పనులో ఎంచుకోవడం మేలు. మట్టి పని ఒక్కటే వేరు, అది నెమ్మదిగా ఆరితేనే బాగుంటుంది. ఇక్కడ చెప్పేవన్నీ మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు, పక్కన పెద్దవాళ్లు కూర్చుని చేయించేవి.

జిగురు తప్పనిసరైతే బ్రష్‌తో పలచగా పూయండి. బొట్టుగా పడితే గంటల తరబడి తెల్లగానే ఉండిపోతుంది. ఇంట్లో ఉడికించే మైదా జిగురుకు గ్లాసు నీళ్లకు రెండు చెంచాల పిండి చాలు. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టాలి. ఈ వాతావరణంలో మర్నాటికే వాసన వస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే పాత అలవాటు ఒకటుంది. అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో వేయకూడదు.

మునగని కాగితం పడవ

వార్తాపత్రిక నీళ్లు త్వరగా పీల్చేస్తుంది, రెండు నిమిషాల్లో పడవ చతికిలబడుతుంది. ఏ4 కాగితాన్ని సగానికి చింపితే వచ్చే ముక్క చిన్న చేతులకు సరైన కొలత. ఆ ముక్కను నిలువుగా పట్టుకుని పై అంచును కింది అంచు మీదికి మడవండి. మడత పైన ఉంటుంది. ఇప్పుడు పై మూలలు రెండింటినీ మధ్యకు తెచ్చి త్రికోణం చేస్తే కింద సుమారు 3 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. ముందు పట్టీని ముందువైపుకి, వెనక పట్టీని వెనకవైపుకి పైకి మడిస్తే టోపీ. నాలుగేళ్ల పిల్లలు ఇంతవరకూ సొంతంగా చేయగలరు.

టోపీ లోపల బొటనవేళ్లు పెట్టి తెరిచి, రెండు చివర్లూ కలిసేలా అదిమితే డైమండు ఆకారం వస్తుంది. ఎక్కువ పడవలు చెడేది ఇక్కడే. పట్టీల చివరి మూలలను ఒకదాని కిందికి ఒకటి దూర్చకపోతే తర్వాత అన్నీ విడిపోతాయి. కింది కొనను పై కొన దాకా మడవండి, తిప్పి వెనకా అలాగే. మళ్లీ తెరిచి డైమండుగా అదమండి. ఇప్పుడు పైన కనిపించే రెండు కొనలను చెరో చేత్తో పట్టుకుని మెల్లగా పక్కలకు లాగితే పడవ. గట్టిగా లాగితే అడుగు చిరుగుతుంది.

అడుగున కొవ్వొత్తి రుద్దడం అన్నిటికన్నా ముఖ్యం. లోపల రెండు వేళ్లు ఆనించి, బయటివైపు అడుగు నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తు దాకా, మడతల మీద ఇంకాస్త ఎక్కువగా రుద్దాలి. మైనం నీటిని లోపలికి రానివ్వదు. క్రేయాన్ రుద్దినా అంతే, పైగా రంగూ వస్తుంది. పడవ ఒకవైపుకి ఒరుగుతుంటే అడుగును వేలితో వెడల్పు చేసి, మధ్యలో గులకరాయి ఒకటి పెట్టండి. వదలడానికి ఇంట్లో టబ్బో బకెట్టో చాలు. వీధి కాలువలో మాత్రం వద్దు. వాననీటి కింద గుంత ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడ తెగి పడిందో కనపడదు.

రంగుల పనులు

మైనం గుణంతోనే ఇంకో పని. మందపాటి డ్రాయింగ్ షీటు మీద తెల్ల క్రేయాన్‌తో వాన చినుకులు, మబ్బులు గీయించండి. పైన నీలం నీటిరంగును పలచగా పూస్తే గీతలు తెల్లగా బయటపడతాయి. బయటపడకపోతే క్రేయాన్ గట్టిగా అదమలేదనో, రంగు చిక్కగా ఉందనో అర్థం. నోటుపుస్తకం కాగితం ఉబ్బి చిరుగుతుంది, అది వద్దు. పూర్తిగా ఆరాకే పుస్తకాల కింద పెట్టి చదును చేయాలి, తడిగా పెడితే అంటుకుపోయి బూజు పడుతుంది.

తెల్ల టిష్యూ కాగితం మధ్యలో నల్ల స్కెచ్ పెన్నుతో పావలా అంత చుక్క పెట్టి, చూరు కింద నుంచి చేయి చాపి చుక్క మీద నాలుగైదు చినుకులు పడనివ్వండి. నీరు పాకుతూ ఆ నలుపులో కలిసి ఉన్న రంగులను వలయాలుగా విడదీస్తుంది. పర్మనెంట్ మార్కర్ నీళ్లలో కరగదు కాబట్టి దానితో రాదు.

అచ్చులకు బెండకాయ సులువు. ముదురుకాయను తొడిమ నుంచి వేలెడు పొడవున అడ్డంగా కోస్తే తొడిమే పిడి అవుతుంది. కోసిన చోట జిగురును గుడ్డతో తుడిచి పావుగంట వదిలేయండి, లేకపోతే రంగు జారిపోతుంది. సగానికి కోసిన చిన్న బంగాళదుంప గొడుగు పై భాగానికి సరిపోతుంది, కాడ గీసుకుంటే చాలు. పళ్లెంలో మడత గుడ్డ పరిచి, నీళ్లు కలపని పోస్టర్ రంగు రెండు చెంచాలు దాని మీద వేసి, అక్కడ అద్దించండి.

సీసాతో వాన కొలవడం

ఐదేళ్లు దాటినవాళ్లకు ఈ కాలంలో ఇంతకు మించిన పని లేదు. నడుము నొక్కులు లేని, పక్కలు నిటారుగా ఉన్న రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా కావాలి. పైన సన్నబడటం మొదలయ్యే చోట పెద్దవాళ్లే కోసి, అంచులకు టేపు చుట్టాలి. కోసిన పై భాగాన్ని మూత తీసి గరాటులా తలకిందులుగా కూర్చోబెట్టండి. సీసా అడుగు గుంతలుగా ఉంటుంది కాబట్టి, పక్కలు నిటారుగా అయ్యే దాకా గులకరాళ్లు వేసి, అవి మునిగేలా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయాలి. చాలామంది కొలత తప్పేది ఈ సున్నా పెట్టకపోవడం వల్లే. అక్కడి నుంచి పైకి స్కేలు ప్రకారం మిల్లీమీటర్లు గుర్తించిన కాగితం పట్టీ అతికించి, పైన సెల్లోటేపు వేయండి.

దీన్ని ఆరుబయట నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టాలి. గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరమైనా ఉండాలి. బాల్కనీలో పెడితే కొలత అబద్ధం. వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30కి లెక్కిస్తుంది, పిల్లలూ అదే వేళకు చూస్తే వార్తల్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. 24 గంటల్లో 64.5 మి.మీ. చేరితే అది భారీ వర్షం, 115.6 చేరితే అతి భారీ. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు డాబా మీద వంద లీటర్లు పడినట్టు. చూశాక నీళ్లన్నీ ఒంపేసి మళ్లీ సున్నా దాకా పోయాలి. రోజూ మార్చకపోతే దోమ పిల్లలు పెరుగుతాయి.

మట్టి ఎద్దు

ఏరువాక పున్నమికి మట్టి ఎడ్లు చేసే అలవాటు మనకుంది, ఈ కాలపు బొమ్మ అదే. నాలుగు గుప్పిళ్ల బంకమట్టికి ఒక గుప్పెడు సన్న ఇసుక. మట్టిని రాత్రంతా నానబెట్టి, పైకి తేలిన నీళ్లు ఒంపేసి, ఇసుక కలిపి, చేతికి అంటనంత వరకూ పిసకాలి. పెన్సిలంత లావు తీగ చేసి వేలికి చుట్టి చూడండి. పగిలితే నీళ్లు చాలలేదు, వేలికి అంటుకుంటే ఎక్కువయ్యాయి.

ఒక ఎద్దుకు నారింజపండంత ముద్ద చాలు. కాళ్లు విడిగా చేసి అతికించవద్దు, ముద్దలోంచే నాలుగు వైపులా లాగించండి. బొటనవేలంత లావు, రెండు సెంటీమీటర్ల ఎత్తు మించితే బరువుకు కుంగిపోతాయి. మూపురం అతికించాల్సిందే. రెండు వైపులా ఫోర్కుతో గీరి, పలచటి మట్టి జావ పూసి అదమాలి. నునుపు మీద నునుపు అతికిస్తే ఆరాక ఊడిపోతుంది. కొమ్ములకు సన్నటి చీపురుపుల్లలు గుచ్చవచ్చు. ఐస్‌క్రీం పుల్లలు వద్దు, మట్టి ఆరి కుంచించుకుంటుంది, పుల్ల కుంచించుకోదు, అక్కడే పగులుతుంది.

పగుళ్లకు ఇంకో కారణం పై పొర ముందే ఆరిపోవడం. మొదటి రోజు తడిగుడ్డ కప్పి, తర్వాత నీడలో పెట్టి రోజుకోసారి తిప్పుతూ ఉండండి. ఫ్యాను కింద పెడితే ఒకవైపే ఆరుతుంది. ముసురులో వారం పట్టవచ్చు. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అది పోయాకే జాజుతోనో పోస్టర్ రంగులతోనో అలంకరించాలి. ఎనామిల్ రంగు వేయకపోతే, ఆట తీరాక బకెట్ నీళ్లలో వేసి నానబెట్టి, అదే మట్టిని వినాయకచవితికి వాడుకోవచ్చు.