లేడీ ఆడ్లీ కథను గైడు లేకుండా చదవడం ఎలా

ఇంగ్లిష్ నవల అనగానే గైడు కొని సారాంశం చదివేసే అలవాటు మన వరంగల్ పిల్లల్లో బాగా ఉంది. మేరీ ఎలిజబెత్ బ్రాడన్ రాసిన ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’ విషయంలో మాత్రం దయచేసి ఆ పని చేయకండి. 1862లో మూడు సంపుటాలుగా వచ్చిన నవల ఇది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, లిబ్రివాక్స్ సైట్‌లో ఆడియో కూడా ఉంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లకు ఆడియో బాగా పనికొస్తుంది. కానీ మొదటి అధ్యాయం మాత్రం కళ్లతోనే చదవాలి. పాత బంగళా, ఒక్క ముల్లే ఉన్న గడియారం, చెట్ల దారి, పొదల మాటున పాత బావి, ఇలా వర్ణన సాగుతూనే ఉంటుంది, విసుగొచ్చి పేజీలు తిప్పేశారంటే తర్వాత కథ అదే దారిలోకి, అదే బావి దగ్గరికి వచ్చినప్పుడు మీకు ఏమీ అనిపించదు.

రహస్యం కనిపెట్టాలని టెన్షన్ పడొద్దు, సగం కూడా కాకముందే మీకే తెలిసిపోతుంది. అసలు మజా లేడీ ఆడ్లీ దాన్ని ఎలా దాస్తుందో చూడటంలో ఉంది. టీవీ సీరియల్ విలన్‌లా కళ్లురిమి చూసే మనిషి కాదు ఈవిడ. బంగారు జుట్టు, చిన్నపిల్ల నవ్వు, ఊరంతా మెచ్చుకునే మంచితనం. ఒకచోట ఆమె మణికట్టు మీద కమిలిన గుర్తు కనబడుతుంది. ఏదో తోచక రిబ్బన్ గట్టిగా కట్టుకున్నానని తేలిగ్గా అనేస్తుంది. భర్త ఆ చెయ్యి పట్టుకుని చూస్తే అక్కడున్నది ఒక్క గుర్తు కాదు, నాలుగు, బలమైన చెయ్యి నాలుగు వేళ్లతో పట్టుకుంటే పడేలాంటివి. ఆ పేజీ రెండుసార్లు చదవండి. రచయిత్రి ఎవరినీ నిందించదు, గుర్తులు లెక్కపెట్టి ఊరుకుంటుంది.

పక్కన నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, ఊరు, ఎవరు ఏమన్నారు అన్నవి రాసుకోండి. కథలో రాబర్ట్ ఆడ్లీ అనే బద్ధకపు లాయరు కూడా అంకెలు వేసి అదే పని చేస్తాడు, మీ జాబితా ఆయన జాబితాకు ఎక్కడ తేడా కొడుతుందో చూడొచ్చు.

అప్పటి చట్టం తెలియకపోతే ఈ పుస్తకం సగమే అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో 1857 విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచారం చేసిందని రుజువైతే భర్తకు అదొక్కటే చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో, అలాంటిది ఇంకోటి కూడా చూపించాల్సిందే. వదిలేసి వెళ్లిపోయాడన్న ఒక్క కారణం చాలదు. ఇది గుర్తుపెట్టుకుని, రాబర్ట్ స్నేహితుడు జార్జ్ టాల్‌బాయ్స్ ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చే ఓడ ప్రయాణం చదవండి. బంగారం దొరికేదాకా భార్యకు ఒక్క ఉత్తరం రాయని మనిషి, ఆమె తనకోసం ఎదురుచూస్తూ ఉంటుందని మురిసిపోతుంటాడు. దీన్నిబట్టి లేడీ ఆడ్లీ చేసినవి ఒప్పయిపోవు, అవి ఘోరాలే, నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆమెకు ఉన్న దారులెన్నో లెక్క చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

చివర్లో ఒక డాక్టరు వస్తాడు. ముందు ఒక మాట చెప్పి, ఆమెతో కాసేపు మాట్లాడి వచ్చాక ఇంకో మాట చెప్తాడు. అక్కడ పుస్తకం మూసి, ఈ రెండు మాటల మధ్య మారింది ఆమె ఆరోగ్యమా, ఆ ఇంటి పరువు లెక్కా అన్నది మీ నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడు మిగతాది చదవండి.