లాస్ ఏంజిలిస్ కొండవాలు మీది మిడ్ సెంచురీ మోడర్న్ ఇంటిని కొనేముందు

1945 తరువాతి రెండు దశాబ్దాలలో లాస్ ఏంజిలిస్ కొండవాలుల మీద మిడ్ సెంచురీ మోడర్న్ అనే తరహా ఇళ్ళు వెలిశాయి: బరువంతా స్తంభాలూ దూలాలే మోస్తాయి, గోడల స్థానంలో అద్దాలుంటాయి, కప్పు చదునుగా ఉంటుంది. పియర్ కోనిగ్ రూపకల్పనలో 1960లో పూర్తయిన స్టాల్ హౌస్ వాటిలో అందరికీ తెలిసినది. అటువంటి ఇల్లు అమ్మకానికి వచ్చి చూడబోయినప్పుడు, అద్దాల అవతల పరచుకున్న నగరం వైపు కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఆ ముచ్చట కాసేపు ఆపుకొని, ముందుగా ఇంటి కిందికి దిగండి.

కొండవాలుపై మట్టిని తవ్వడానికీ పూడ్చడానికీ నగరం 1952లో నియమాలు తెచ్చి, 1963లో వాటిని మరింత బిగించింది. 1963కు ముందు కట్టిన ఇల్లయితే, పునాది గట్టి రాతి మీద ఉన్నదా, తవ్వి పక్కకు పోసిన వదులు మట్టి మీద ఉన్నదా అన్నది నేల పటుత్వాన్ని పరీక్షించే జియోటెక్నికల్ ఇంజనీరు చేత తేల్చుకోవాలి. ఇంటిని పైపైన తనిఖీ చేసే మామూలు ఇన్‌స్పెక్టర్ నివేదిక ఇందుకు చాలదు. కొండ మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ పల్లం వైపు ఒరిగిందేమో, అడుగున నీరు పోయే రంధ్రాలు పూడుకున్నాయేమో చూడండి, ఎందుకంటే గోడ వెనక వాననీరు నిలిస్తే ఆ ఒత్తిడే దానిని ముందుకు తోస్తుంది. లోపల జారుడు తలుపు ఒక మూల పట్టేస్తుంటే పునాది కదిలి ఉండవచ్చు, అమ్మేవారు మాత్రం తలుపు పాతబడిందని చెబుతారు. నిజమే కావచ్చు, కాని ఆ మాట ఇంజనీరు చెప్పాలి.

కొయ్య దూలాల ఇంటిలో నా దృష్టి మొదట పోయేది చూరు దాటి బయటికి వచ్చిన దూలపు కొసల మీదికే. అనుమతి అడిగి, స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కండి. చేవ ఉన్న కొయ్య మొనను ఆపుతుంది, పుచ్చినది లోపలికి పోనిస్తుంది. అదే దూలం అద్దం మీదుగా గదిలోకి సాగి కప్పును మోస్తుంది కనుక, కొసలో పట్టిన పుచ్చు ఎంత లోపలికి పాకిందో తెలియకుండా ధర మాట్లాడకూడదు. చదును కప్పును వాన వెలిసిన మరునాడు చూడగలిగితే, నీరు నిలిచే గుంటలు వాటంతటవే బయటపడతాయి.

ఇక కాగితాలు. నగరం ఇంటిని చారిత్రక కట్టడంగా ప్రకటించి ఉంటే, మార్పులు చేయడానికి ముందు నగర సాంస్కృతిక వారసత్వ కమిషన్ సమీక్ష తప్పదు. చారిత్రక కట్టడాలను కాపాడే యజమానులకు పన్ను ఊరటనిచ్చే 1972 నాటి కాలిఫోర్నియా మిల్స్ చట్టం కింద నగరంతో ఒప్పందం ఉంటే ఆస్తి పన్ను తగ్గవచ్చు. కనీసం పదేళ్ళ ఆ ఒప్పందం ఏటా దానంతటదే పొడిగింపు పొందుతూ, సంరక్షణ బాధ్యతతో సహా కొత్త యజమానికి సంక్రమిస్తుంది. ఒప్పందం లేకపోతే, అమ్మేవారి పన్ను రసీదును చూసి లెక్క వేసుకోకండి: కాలిఫోర్నియాలో ఇల్లు చేతులు మారితే సాధారణంగా కొన్న ధర మీదనే పన్నును కొత్తగా లెక్కగడతారు. మామూలు గృహబీమా భూకంపాన్నీ కొండచరియల జారుడునూ భరించదు. కార్చిచ్చు ముప్పున్న కొండలలో ఆ మామూలు బీమా దొరకడమే కష్టం కావచ్చు కాబట్టి, బయానా ఇవ్వడానికి ముందే బీమా సంస్థ నుంచి రాతపూర్వకమైన అంచనా తీసుకోండి.