చిన్న సినిమా తీసే నిర్మాత ముందుగా చక్కబెట్టుకోవలసిన కాగితాలు

చెన్నైలో ఉంటూ సొంత డబ్బుతో, స్నేహితులు సర్దిన సొమ్ముతో తెలుగు సినిమా తీయదలచినవారు కొబ్బరికాయ కొట్టకముందే కథ హక్కుల పత్రం రాయించుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ పత్రం లిఖితపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకేననీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికేననీ చట్టం లెక్కవేస్తుంది. కొన్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, పత్రంలో వేరే మాట లేనప్పుడు, అది మురిగిపోతుంది. పెట్టుబడి కూడేసరికే ఏడాది తిరిగిపోయే చిన్న నిర్మాతకు అసలు గండం ఇదే కాబట్టి, ఈ షరతు వర్తించదని పత్రంలో స్పష్టంగా రాయించండి.

నా మొదటి సినిమా ఒప్పందాన్ని వడపళనిలో ఒక టీకొట్టు బల్ల మీద రాసుకున్నాం. కాలపరిమితి అన్న చోట చిన్న గీత గీసి వదిలేశాం. ఆరేళ్ల తర్వాత ఓటీటీ బేరం కుదిరే వేళకు, కొనేవారి న్యాయవాది సరిగ్గా ఆ గీత మీదే వేలు పెట్టారు. బేరం అక్కడితో ఆగిపోయింది.

పాటల సంగతీ ఇంతే ముఖ్యం. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం మినహా మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో గీత రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉంది. దాన్ని నిర్మాతకు వదులుకున్నట్లు రాయించుకున్నా చెల్లదు. అది వారి కష్టార్జితం, ఇవ్వడమే న్యాయం.

షూటింగ్ రోజుల్లో బత్తా (రోజువారీ భత్యం) పుస్తకాన్ని ప్రొడక్షన్ మేనేజరుకే వదిలేయకుండా, ప్యాకప్ చెప్పగానే పక్కన నిలబడి లైట్‌మెన్ ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించండి. కథలో ఎద్దుబండి ఉన్నా షూటింగుకు ముందే జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి, లేకపోతే సెన్సార్ దగ్గర చిక్కు వస్తుంది. సెన్సార్ ప్రాంతీయ కార్యాలయాలు చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో సెన్సార్ సర్టిఫికెట్ శాశ్వతంగా చెల్లుతోంది, పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడదగిన యూఏ తరగతిలో 7, 13, 16 ఏళ్ల విభజన వచ్చింది.

అసలు పత్రాలను బ్యాంకు లాకర్లో ఉంచి, నకళ్లతోనే పని నడపండి. 2015 డిసెంబరు వరదలో నడుము లోతు నీళ్లలో నానిన ఫైళ్లను డాబా మీద కాగితం కాగితంగా ఆరబెట్టిన నాటి నుంచి, నేల అంతస్తు ఆఫీసులో నేను ఒక్క సంతకమైన కాగితాన్నీ ఉంచడం లేదు.