పాత ఎస్టేట్ కారుకు కొత్త ఇంజిన్, గేర్‌బాక్స్: కర్నూలు జిల్లాలో రవాణా శాఖ అనుమతికి దరఖాస్తు విధానం

అంబాసిడర్ ఎస్టేట్ (వెనుక సామాను పెట్టుకునేందుకు పొడుగు బాడీ ఉన్న కారు) వంటి పాతకాలపు కారుకు ఇంజిన్ మార్పించాలనుకునే యజమాని మెకానిక్ షెడ్డుకు వెళ్లేముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకుని అపురూపంగా దాచుకుంటారా, లేక కొత్త ఇంజిన్ వేయించి రోజూ నడుపుకుంటారా అన్నదే ఆ సంగతి. చట్టం ప్రకారం ఈ రెండూ ఒకే బండికి కుదరవు.

కేంద్ర మోటారు వాహనాల నియమావళికి 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పేదీ లేకుండా అసలు రూపంలోనే ఉన్న వాహనాన్ని మాత్రమే వింటేజ్‌గా గుర్తిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప నిత్యావసరాలకు రోడ్డెక్కించకూడదు. కనుక యాభై ఏళ్లు నిండిన ఎస్టేట్‌లో అసలు ఇంజిన్ ఇంకా పనిచేసే స్థితిలో ఉంటే దాన్ని దించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది. ఒకసారి ఇంజిన్ మారిన బండికి వింటేజ్ గుర్తింపు అడగడానికి ఆధారం మిగలదు.

ఇంజిన్ మార్పుకే నిర్ణయించుకున్నవారు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకోవాలి. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్)లోని వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే తయారీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వెసులుబాటును రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఇవ్వవచ్చు గాని, అది పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలున్న యజమానుల కోసం ఉద్దేశించింది. ఇంట్లో ఒక్క కారున్న మనబోటివాళ్లు ముందుగా అనుమతి తీసుకోవలసిందే.

దరఖాస్తు నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఏ ఇంజిన్‌ను ఎంచుకున్నారన్న దానిపైనే ఆధారపడుతుంది. పాత అంబాసిడర్‌లో ఉండేది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, నాలుగు గేర్లు. 1990ల తొలినాళ్లలో హిందుస్థాన్ మోటార్స్ తానే అదే అంబాసిడర్‌కు 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజిన్‌ను, ఐదు గేర్ల పెట్టెను బిగించి అమ్మింది. ఆ ఇంజిన్‌ను ఎంచుకుంటే, ఇది ఇదే సంస్థ ఇదే మోడల్‌కు వాడిన ఇంజిన్ అని దరఖాస్తులో చెప్పుకోవడానికి వీలుంటుంది. అప్పుడు కూడా ఆర్‌సీలో సీసీ మారుతుంది కనుక నిర్ణయం రవాణా కార్యాలయంలో వాహనాలు నమోదు చేసే రిజిస్టరింగ్ అధికారిదే. వేరే సంస్థ డీజిల్ ఇంజిన్ తెచ్చి బిగిస్తే ఇంధనం కూడా మారుతుంది కాబట్టి అటువంటి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుందనే అనుకోవాలి. షెడ్డులో ఎవరో “అందరూ వేస్తున్నారు సార్” అన్నంత మాత్రాన అది అనుమతి కాదు.

దరఖాస్తుకు ముందు ఆర్‌సీ సక్రమంగా ఉండాలి. పదిహేనేళ్ల గడువు తీరిన కారుకు ముందుగా ఫారం 25 ద్వారా రెన్యువల్ చేయించాలి. 2025 ఆగస్టు సవరణ తర్వాత ఇరవై ఏళ్లు పైబడిన తేలికపాటి మోటారు వాహనానికి ఈ రుసుము 10,000 రూపాయలు. ఆర్‌సీ ఇంకా తాతగారి పేరుమీదో, అమ్మినవారి పేరుమీదో ఉంటే యాజమాన్య బదిలీ పూర్తిచేయాలి. తుంగభద్ర దాటితే తెలంగాణ గనుక, గద్వాల వైపు నుంచి కొన్న బండికి అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే అప్పిచ్చిన సంస్థ లిఖితపూర్వక అంగీకారం కూడా జతచేయాలి. 2022లో నంద్యాల వేరు జిల్లా అయింది కాబట్టి ఆళ్లగడ్డ వంటి ప్రాంతాలవారు కర్నూలుకు కాక తమ జిల్లా రవాణా కార్యాలయానికే దరఖాస్తు చేసుకోవాలి.

చాలామంది తడబడేది ఇంజిన్ కాగితాల దగ్గరే. పాత సామాన్ల దుకాణంలో నేను మొదట తీసుకున్న బిల్లు మీద “పాత ఇంజిన్ ఒకటి” అని మాత్రమే ఉంది, నంబరు లేదు. దానితో ఏ పనీ జరగక, దుకాణదారు చుట్టూ మూడు వారాలు తిరిగి నంబరుతో కొత్త బిల్లు రాయించుకోవలసి వచ్చింది. కనుక డబ్బు ఇచ్చేముందే ఇంజిన్ నంబరు, అది ఏ బండి నుంచి దించారో ఆ బండి రిజిస్ట్రేషన్ నంబరు, అమ్మినవారి చిరునామా, సంతకం బిల్లులో ఉండేలా చూసుకోవాలి. ఇంజిన్ దించిన ఆ బండి తుక్కుకు వెళ్లి ఉంటే దాని రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం ప్రతిని అడిగి తీసుకోవాలి. ఆ బండి దొంగిలించినది కాదని జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ ద్వారా సరిచూసుకోవచ్చు. ఇంజిన్ బ్లాకు మీది నంబరును కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలచటి కాగితం పరిచి పెన్సిల్ మొనను పక్కకు వాల్చి రుద్దితే అంకెలు తెల్లగా తేలుతాయి. మురికి పోవడం లేదని అక్కడ గ్రైండర్ మాత్రం పెట్టకూడదు. అంకె గీరుకుపోతే, నంబరు మార్చారన్న అనుమానం మీ మీదికే వస్తుంది.

దరఖాస్తు రిజిస్టరింగ్ అధికారి పేరిట ఉండాలి. అందులో కారు రిజిస్ట్రేషన్, చాసిస్ నంబర్లు, పాత ఇంజిన్ నంబరు, కొత్త ఇంజిన్ నంబరు, తయారీ సంస్థ, సీసీ, ఇంధనం, మార్పుకు కారణం స్పష్టంగా రాయాలి. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, చిరునామా రుజువు, ఇంజిన్ బిల్లు, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు జతచేయాలి. గేర్‌బాక్స్ వివరం ఆర్‌సీలో ఉండదు కాబట్టి దాని గురించి చెప్పనక్కర్లేదని కొందరంటారు గాని నేను ఒప్పుకోను. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు పోయి కింద ఫ్లోరు మీదికి వస్తున్నప్పుడు ఫ్లోరులో రంధ్రం పడుతుంది, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ కమ్మీ మారుతుంది, గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది. ఇవన్నీ తనిఖీలో కంటికి కనిపించేవే కాబట్టి ముందే రాసి ఇవ్వడం మేలు. చాసిస్ మెంబర్లను కోయకుండా బోల్టులతో బిగించే పద్ధతిలోనే పని చేయించుకోవాలి.

లిఖితపూర్వక అనుమతి చేతికి వచ్చాకే ఇంజిన్ దించాలి. అనుమతి లేకుండా జరిగిన మార్పును కూడా పద్నాలుగు రోజుల్లో తెలపాలని 52వ సెక్షన్ చెబుతుంది గనుక, పని పూర్తయ్యాక ఆలస్యం చేయకుండా అదే గడువులోపు ఆర్‌సీని, నిర్ణీత రుసుమును సమర్పించి, బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముందుంచడం క్షేమం. మన ఊళ్లలో ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే ఆ అధికారి పాత పేరుకు తగ్గట్టే బ్రేకులను గట్టిగా పరీక్షిస్తారు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న బండికి బలమైన ఇంజిన్ వేసినప్పుడు లైనింగులు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించకుండా వెళ్లడం తెలివితక్కువ పని. ఆర్‌సీలో ఖాళీ బరువు నమోదై ఉంటుంది కనుక వేబ్రిడ్జి చీటీ వెంట ఉంచుకోవాలి. ఇంజిన్ మారినందున కాలుష్య పరీక్ష మళ్లీ చేయించాలి.

అధికారి తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. చట్టవిరుద్ధంగా మార్పు చేసి నడిపితే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కిన రోజే బీమా సంస్థకు దాని ప్రతిని ఇచ్చి, పాలసీలోనూ అదే నంబరు ఎక్కించుకుని రసీదు తీసుకోవాలి.