కొత్త క్రైస్తవ సంఘం (చర్చి) మొదలుపెట్టారా? ఖాళీ కుర్చీలు చూసి కంగారుపడకండి

ముందుగా, యాభై కుర్చీలు వేయకండి. పది చాలు, గుండ్రంగా వేయండి. ఐదుగురే వచ్చి, అందులో ముగ్గురు మీ ఇంట్లోవాళ్లే అయినా ముఖం చిన్నబుచ్చుకోకుండా ఆరాధన పూర్తిగా జరపండి. ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలుకు మొదట దొరికింది నది ఒడ్డున కూడుకున్న కొందరు స్త్రీలే. వాళ్లలో ఒకరైన లూదియ ఇంట్లోనే తర్వాత విశ్వాసులు కలుసుకున్నారు (బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం).

దేవుణ్ణి నమ్మడమంటే లెక్కలు రాయకపోవడం కాదు. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, అప్పుడే పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పాస్టర్ ఒక్కరే ఆ డబ్బు ముట్టుకోకూడదు, ఇందులో నేను మొండిని. ఉద్యోగం ఉంటే వెంటనే మానేయకండి, కొరింథులో పౌలు డేరాలు కుడుతూనే వాక్యం చెప్పాడు, అక్కడే ఏడాదిన్నర ఉన్నాడు.

అసలు టెన్షన్ ఎప్పుడంటే, మొదటినుంచీ వెన్నంటి ఉన్నవాళ్లు చెప్పకుండా రావడం మానేసినప్పుడు. ఆ రాత్రి వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్ పెట్టకండి (నేను పెట్టి నాలుక కరుచుకున్నాను). ఆ కోపం, ఆ ఏడుపు దాచుకోకుండా దేవుడి దగ్గరే వెళ్లగక్కండి, కీర్తనల్లో దావీదు చేసిందీ అదే. తర్వాత వాళ్ల పేరు పెట్టి ప్రార్థించండి. రెండు రోజులాగి ఫోన్ చేసి క్షేమం అడగండి, సంఘం ఊసెత్తకండి.

ఒక నోట్‌బుక్‌లో ప్రార్థనలు తేదీలతో రాసుకోండి, పక్కన జవాబుకి కాస్త చోటు వదలండి.