కార్తీకం రాకముందే థైరాయిడ్ మాత్ర గురించి ఒక మాట

పది రోజుల కిందట మా వీధిలో ఒక పిన్నిని 108లో శ్రీకాకుళం తీసుకెళ్లారు. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. ఆ పొద్దున ఎంత లేపినా కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తోంది. ఒళ్లు చల్లబడింది, ముఖం ఉబ్బింది, మాట ముద్దగా వస్తోంది. అందరూ పక్షవాతం అనుకున్నారు. రక్తపరీక్ష చేస్తే, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గినకొద్దీ పెరిగే టీఎస్‌హెచ్ 100 దాటింది. మామూలుగా అది దాదాపు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. ఆరు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడింది.

నరసన్నపేటలో మాకు మందుల షాపు ఉంది. పిన్ని థైరాయిడ్ మాత్రలు కొనేది మా దగ్గరే. శ్రావణం నుంచి ఆవిడ రావడం లేదు. నేను గమనించి అడగలేదు, ఆ బాధ నాకు పోవడం లేదు. ఇంటికొచ్చాక అడిగితే, "రిపోర్టు నార్మల్ వచ్చింది కదా బాబూ, ఇంకెందుకని ఆపేశాను" అంది.

ఇన్నేళ్లలో నేను చూసిన పెద్ద పొరపాటు ఇదే. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. జబ్బు ఉన్నచోటే ఉంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి చేయలేకపోతున్న హార్మోన్‌ను ఆ చిన్న మాత్ర రోజూ భర్తీ చేస్తోంది. ఆపగానే ఏమీ తెలియదు, మోసమంతా అక్కడే ఉంది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే రెండు మూడు వారాలు బాగానే ఉండి, "ఆపినా ఏం కాలేదు చూశావా" అంటారు. తర్వాత నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, చలికి ఓర్వలేకపోవడం ఒక్కొక్కటే వస్తాయి. వయసు వల్ల అనుకుంటారు. వాటికి చలికాలం, జ్వరం తోడైతే పిన్నికి జరిగినట్టే జరగొచ్చు.

కాన్పు తర్వాత థైరాయిడ్ వచ్చినవాళ్లలో కొందరికి డాక్టరే కొన్నాళ్లకు మాత్ర ఆపిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుదే.

ఉపవాసాలు, మాలలు

దీపావళి వెళ్తే కార్తీకం. సోమవారాల ఉపవాసాలు, శ్రీముఖలింగం ప్రయాణాలు, వంశధారలో తెల్లవారుజాము స్నానాలు, అయ్యప్ప మాలలు. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని మానేసేవాళ్లు ఈ నెలలోనే ఎక్కువ. అసలు ఇది పరగడుపున వేసుకునే మాత్ర, గుక్కెడు నీళ్లు చాలు. నీళ్లు కూడా ముట్టని నియమం ఉంటే, చుక్కను చూసి నక్తం చేశాక మూడు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకోండి. మాల వేసుకున్న 41 రోజులూ మాత్ర ఉండాల్సిందే.

కడుపుతో ఉన్నవాళ్లు

"కడుపుతో ఉండగా మందులేమిటి" అని ఆపించే అత్తలకు చెబుతున్నాను: మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం. గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పండి, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు దీనితో కలిపి మింగితే ఇది ఒంటికి సరిగా పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇక అందరికీ.

మాత్ర ఆపకండి.

వేసుకున్నాక అరగంట నుంచి గంట వరకు టీ కూడా తాగకండి.

ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

పది మాత్రలు మిగిలి ఉండగానే కొనండి. 25, 50, 100 అని ఉండే అంకె చూసి తీసుకోండి, డబ్బా రంగు చూసి కాదు.

డోసు మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష. కుదురుకున్నాక కనీసం ఏడాదికోసారి.

జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు.

బరువు తగ్గాలని ఎక్కువ మాత్రలు మింగకండి. గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

పక్కింటివాళ్ల మాత్ర వద్దు. నాటుమందు మాత్రకు బదులు కాదు.

క్యాబేజీ వండుకుని తినండి, ఆ భయం అక్కర్లేదు.

డబ్బా పొయ్యి గట్టు మీద పెట్టకండి.

చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్లేవాళ్లు మూడు నెలల మాత్రలు పట్టుకెళ్లండి. చీటీ ఫోటో ఫోనులో ఉండాలి.

డాక్టరును అడగకుండా నిద్రమాత్ర వేసుకోకండి.

ఇప్పటికే ఆపేశారా? ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి ఆపినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు పాత డోసు సొంతంగా మొదలుపెట్టకండి.

రిపోర్టు నార్మల్ వచ్చినా మాత్ర ఆపకండి.

మనిషి మత్తుగా ఉండి, ఒళ్లు చల్లబడి, మాట తడబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసాలతో కాపడం పెట్టకండి, నోట్లో టీ, కాఫీలు పోయకండి. థైరాయిడ్ మాత్ర వాడేవారని, ఎప్పటి నుంచి మానేశారో అంబులెన్సు వాళ్లకు మొదటే చెప్పండి. ఆ రోజు మా వీధిలో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.